కడుపులో ఏ బాధా లేదు, అయినా సర్జరీకి ముందు ఎండోస్కోపీ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 43 ఏళ్లు, బీఎంఐ 41. షుగర్‌కు, బీపీకి మందులు వాడుతున్నాను. బరువు తగ్గడానికి స్లీవ్ సర్జరీ చేయించుకోవాలని నిశ్చయించుకున్నాను. సర్జన్ గారు ముందుగా ఎండోస్కోపీ చేయించుకుని రమ్మన్నారు. నాకు కడుపులో నొప్పి గానీ మంట గానీ లేదు. ఎప్పుడైనా ఎసిడిటీ అనిపిస్తే ఒక మాత్ర వేసుకుంటాను, అంతే. మా పెదనాన్నగారి అమ్మాయికి వేరే ఆసుపత్రిలో ఇదే సర్జరీని ఎండోస్కోపీ లేకుండానే చేశారు, అక్క బాగానే ఉంది. నాకు గురక ఎక్కువ కాబట్టి మత్తు ఇస్తే ఊపిరి ఆడదేమోనని భయం. గొట్టం మింగడమంటే అంతకన్నా భయం. ఈ పరీక్ష తప్పనిసరా? స్కానింగ్ గానీ రక్తపరీక్ష గానీ సరిపోదా?
- ఒక పాఠకురాలు

సమాధానం: చేయించుకోండి. మీరు చేయించుకోబోయేది స్లీవ్ కాబట్టి, పైగా అప్పుడప్పుడు ఎసిడిటీ మాత్ర వేసుకుంటానని మీరే రాశారు కాబట్టి, ఇంత సూటిగా చెప్పగలుగుతున్నాను. అలాగని మీ సందేహం అర్థం లేనిదేమీ కాదు. ఏ లక్షణాలూ లేనివారికి కూడా ఈ పరీక్ష అవసరమా అన్న విషయంలో వైద్యులలోనే ఏకాభిప్రాయం లేదు. కాబట్టి మీ అక్కగారికి ఆపరేషన్ చేసినవారు నిర్లక్ష్యం చేశారని గానీ, మీ సర్జన్ గారు అక్కర్లేని పరీక్ష రాశారని గానీ అనుకోనవసరం లేదు.

ఆ భేదాభిప్రాయం ఎక్కడ వస్తోందో ముందు చెబుతాను. 48 అధ్యయనాలలోని 12 వేల మందికి పైగా రోగుల వివరాలను కలిపి పరిశీలించిన ఒక సమీక్ష 2016లో వెలువడింది. సర్జరీకి ముందు చేసిన ఎండోస్కోపీ వల్ల ఆపరేషన్ ప్రణాళిక మారినవారు అందులో 7.8 శాతం ఉన్నారు. అయితే హయాటస్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారడం), గ్యాస్ట్రైటిస్ (జీర్ణాశయపు లోపొర వాపు), అల్సర్ వంటివి కనిపించినప్పుడు ఏం చేయాలన్నదానిపై సర్జన్లు తలా ఒక మాట చెబుతారు కాబట్టి, వాటిని లెక్కలోంచి తీసేసి చూస్తే ఆ 7.8 కాస్తా 0.4కు పడిపోయింది. అందరికీ అక్కర్లేదనేవారు ఈ రెండో అంకెను చూపిస్తారు. మరోవైపు, స్థూలకాయ శస్త్రచికిత్సల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఇఫ్సో 2020లో విడుదల చేసిన ప్రకటనలో, లక్షణాలు లేనివారిలో కూడా దాదాపు 25 శాతం మందిలో చికిత్సను మార్చగలిగేది గానీ సర్జరీనే వద్దనిపించేది గానీ ఏదో ఒకటి అనుకోకుండా బయటపడే అవకాశం ఉన్నందున, వారికీ ఎండోస్కోపీ చేసే విషయం ఆలోచించాలని సూచించింది. కావాలనేవారు దీన్ని చూపిస్తారు. నా దృష్టిలో ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టిపారేసేవి కావు. దేన్ని ‘ముఖ్యమైన ఫలితం’ అనాలన్న దగ్గరే తేడా అంతా. హయాటస్ హెర్నియాను పక్కన పెట్టడం గణాంకాల వరకు సరే గానీ, స్లీవ్ చేయించుకోబోయే మనిషి విషయంలో అది పక్కన పెట్టదగినది కాదు.

కారణం స్లీవ్ స్వభావంలోనే ఉంది. ఈ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం వరకు నిలువునా కత్తిరించి శాశ్వతంగా తీసేస్తారు. మిగిలేది ఒక సన్నని గొట్టం. తిన్నదాన్ని ఇముడ్చుకోవడానికి సాగే భాగం చాలావరకు పోవడంతో ఆ గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. కింది చివర పైలోరస్ అనే కవాటం ఎప్పటిలాగే బిగువుగా ఉంటుంది. పైన, అన్నవాహిక జీర్ణాశయంతో కలిసే చోట, ఆమ్లాన్ని ఎగదన్నకుండా ఆపే కండరాల అమరిక కొంత దెబ్బతినవచ్చు. దీనివల్ల కొందరిలో ఆమ్లం పైకి రావడం కొత్తగా మొదలవుతుంది, ముందే ఉన్నవారిలో కొందరికి ముదురుతుంది. బరువు తగ్గి పొట్టలోని ఒత్తిడి తగ్గడం వల్ల మేలు పొందేవారూ ఉన్నారు, కాదనను. కానీ ఎవరికి ఏది జరుగుతుందో ముందుగా కచ్చితంగా చెప్పే మార్గం లేదు. ఆమ్లం వల్ల అన్నవాహికలో ఇప్పటికే పుండ్లు పడి ఉన్నాయా, జీర్ణాశయం పైభాగం పొట్టనూ ఛాతీనీ వేరుచేసే ఉదరవితానాన్ని దాటి పైకి జారి హయాటస్ హెర్నియా ఏర్పడిందా అన్నవి తెలిస్తే మాత్రం అంచనా చాలావరకు స్పష్టమవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా చూడవలసింది బారెట్స్ అన్నవాహిక. ఏళ్ల తరబడి ఆమ్లం తగలడం వల్ల అన్నవాహిక చివరి భాగపు లోపొర తన స్వభావం కోల్పోయి పేగు లోపొరను పోలినట్లు మారడాన్నే బారెట్స్ అంటారు. ఇది క్యాన్సర్ కాదు, ఉన్నవారిలో ఎక్కువమందికి ఎప్పటికీ క్యాన్సర్ రాదు కూడా. అయినా అన్నవాహికకు వచ్చే క్యాన్సర్లలో ఒక రకానికి ఇది తొలిమెట్టు. స్లీవ్ చేయించుకున్న తరువాత ఎండోస్కోపీ చేసిన అధ్యయనాలను కలిపి 2021లో ప్రచురించిన ఒక విశ్లేషణలో 11.6 శాతం మందిలో బారెట్స్ కనిపించింది. వారిలో ఎవరికీ క్యాన్సర్ వైపు మళ్లుతున్న కణాలు లేకపోవడం ఊరటనిచ్చే విషయమే. ఇప్పటికే బారెట్స్ ఉన్న మనిషికి స్లీవ్ చేయడానికి చాలామంది సర్జన్లు ఎందుకు వెనుకాడతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. రోగులకు సాధారణంగా ఎవరూ చెప్పని మరో కారణం కూడా ఉంది. ఎప్పుడైనా అన్నవాహికను తొలగించవలసి వస్తే, దాని స్థానంలో వైద్యులు మామూలుగా జీర్ణాశయాన్నే పైకి లాగి అతుకుతారు. స్లీవ్ అయిన తరువాత అలా వాడుకోవడానికి తగినంత జీర్ణాశయం మిగలదు.

కాబట్టి ఈ పరీక్షను ‘సర్జరీకి మీరు పనికొస్తారా’ అని తేల్చేదిగా చూడకండి. ‘మీకు ఏ సర్జరీ’ అని తేల్చడంలో దీని అసలు ఉపయోగం ఉంది. బారెట్స్ గానీ, అన్నవాహికలో తీవ్రమైన పుండ్లు గానీ ఉంటే ఎక్కువమంది రూ-ఎన్-వై బైపాస్ వైపు, అంటే జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా వేరుచేసి నేరుగా చిన్నపేగుకు కలిపే ఆపరేషన్ వైపు మొగ్గుతారు. అందులో పైన మిగిల్చే చిన్న భాగంలో ఆమ్లం తయారుచేసే కణాలు తక్కువగా ఉంటాయి, పైత్యరసం చాలా దిగువన వచ్చి కలుస్తుంది, అందువల్ల ఎగదన్నడం తగ్గుతుంది. మీకు షుగర్ కూడా ఉంది కాబట్టి, ఎండోస్కోపీ ఫలితం ఎలా ఉన్నా బైపాస్ గురించి ఒకసారి మాట్లాడటంలో తప్పులేదు. మధ్యస్థంగా ఉన్న హయాటస్ హెర్నియాను స్లీవ్ చేసేటప్పుడే కుట్లు వేసి సరిచేయవచ్చు; ఆ సంగతి సర్జన్‌కు ముందే తెలిసి ఉంటే ఆపరేషన్ సమయాన్ని, పద్ధతిని దానికి తగ్గట్టు నిర్ణయించుకుంటారు.

‘నాకు ఏ బాధా లేదు’ అని రాశారు. ఆ మాటను నమ్ముతున్నాను, కానీ దాని మీద ఆధారపడను. అన్నవాహికలో పుండ్లు ఉన్నా మంట తెలియనివారు, భరించలేని మంట ఉన్నా ఎండోస్కోపీలో ఏమీ కనబడనివారు స్థూలకాయం ఉన్నవారిలో బోలెడంతమంది ఉంటారు. పైగా అవసరమైనప్పుడల్లా మాత్ర వేసుకునే అలవాటు లక్షణాలను కప్పేస్తుంది. నెలలో ఎన్నిసార్లు ఆ మాత్ర వేసుకుంటున్నారు, రాత్రి పడుకున్నాక పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తున్నాయా, తెల్లవారుజామున పొడిదగ్గు గానీ గొంతు బొంగురుపోవడం గానీ ఉందా అన్నవి గుర్తుచేసుకుని సర్జన్‌కు చెప్పండి. వీటిని కడుపుకు సంబంధించిన బాధలుగా చాలామంది లెక్కే వేయరు.

ఎండోస్కోపీలో తేలే మరో విషయం హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. అల్సర్లకు, జీర్ణాశయ క్యాన్సర్‌కు దీనితో సంబంధం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. చిన్న ముక్క తీసి పరీక్షించినప్పుడు ఇది ఉన్నట్లు తేలితే సాధారణంగా 14 రోజుల పాటు యాంటీబయాటిక్స్ ఇస్తారు. కోర్సు పూర్తవగానే పని అయిపోయిందనుకోకూడదు. యాంటీబయాటిక్స్ ఆపిన కనీసం 4 వారాల తరువాత, ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు 2 వారాలు మానేసి, శ్వాసపరీక్ష గానీ మలపరీక్ష గానీ చేసి బ్యాక్టీరియా పోయిందని నిర్ధారించుకోవాలి. అంటే సర్జరీ తేదీ కనీసం నెలన్నర వెనక్కి జరగవచ్చు. స్లీవ్‌లో దీనివల్ల ఆపరేషన్ చిక్కులు పెరుగుతాయా అన్నదానిపై ఆధారాలు ఇంకా అటూ ఇటూగానే ఉన్నాయి, అందుకే కొందరు సర్జన్లు దీనికోసం ఆగరు. బైపాస్ విషయంలో మాత్రం ముందే వదిలించుకోవడం మేలని నా అభిప్రాయం. ఎందుకంటే బైపాస్ తరువాత జీర్ణాశయంలో పెద్ద భాగం లోపలే ఉండిపోతుంది గానీ నోటిగుండా వెళ్లే మామూలు ఎండోస్కోప్ అక్కడికి చేరదు. ఆ తరువాత ఆ భాగాన్ని చూడాలంటే ప్రత్యేకమైన పొడవాటి పరికరాలు గానీ, లాపరోస్కోపీ సాయం గానీ కావాలి. కుటుంబంలో ఎవరికైనా జీర్ణాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ మాట సర్జన్‌కు తప్పకుండా చెప్పండి. పాలిప్స్ (లోపొర మీద పెరిగే చిన్న బుడిపెలు) వంటివి కనిపిస్తే ఎక్కువసార్లు అవి హానిలేనివే. బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) ఫలితం వచ్చేదాకా వాటి గురించి బెంగ పెట్టుకోకండి.

స్కానింగ్, రక్తపరీక్ష సరిపోవా అన్నారు. అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయ రాళ్లు, కాలేయంలో కొవ్వు కనిపిస్తాయి. సర్జరీకి ముందు అదీ అవసరమే గానీ, అన్నవాహిక లోపొర దానిలో కనిపించదు. బేరియం ఎక్స్‌రే హెర్నియాను చూపగలదు, బారెట్స్‌ను చూపలేదు. హెలికోబాక్టర్‌కు శ్వాసపరీక్ష, మలపరీక్ష బాగా పనికొస్తాయి. రక్తంలో యాంటీబాడీల పరీక్ష మాత్రం బ్యాక్టీరియా ఇప్పుడు ఉందో, ఎప్పుడో వచ్చిపోయిందో తేల్చి చెప్పలేదు. లక్షణాలు బొత్తిగా లేని, వయసు తక్కువగా ఉన్న కొందరి విషయంలో సర్జన్లు మలపరీక్షతో సరిపెట్టడం చూస్తుంటాం. మీకు ఆ దారి నేను సూచించను.

ఇక భయం సంగతి. ఎండోస్కోప్ వెళ్లేది అన్నవాహికలోకి, శ్వాసనాళంలోకి కాదు. గొట్టం లోపల ఉన్నంతసేపూ మీరు ఊపిరి తీసుకుంటూనే ఉంటారు. మందం 9 నుంచి 10 మిల్లీమీటర్లు. పరీక్ష పట్టేది సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు. గొంతు మొద్దుబారే స్ప్రే ఒక్కదానితోనే, ఏ మత్తూ లేకుండా చేయించుకునేవారు ఉన్నారు. వాంతి వచ్చినట్లు డోకులు వస్తాయి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ముక్కుతో మెల్లగా శ్వాస తీస్తే అవి సర్దుకుంటాయి. కొన్నిచోట్ల ముక్కుగుండా పంపే 5 నుంచి 6 మిల్లీమీటర్ల సన్నని ఎండోస్కోప్ కూడా ఉంటుంది. మీ వైద్యులను అడిగి చూడండి.

మత్తు తీసుకోవాలనుకుంటే మీ గురక విషయంలో మీరు భయపడటం సమంజసమే. గురక, పగటి అలసట, నిద్రలో శ్వాస ఆగడం ఇతరులు గమనించడం, బీపీ, 35 దాటిన బీఎంఐ, 50 దాటిన వయసు, మెడ చుట్టుకొలత, మగవారు కావడం అనే ఎనిమిది అంశాలకు ఒక్కో మార్కు వేసే స్టాప్-బ్యాంగ్ అనే ప్రశ్నావళి ఒకటి ఉంది. మీ ఉత్తరాన్నిబట్టి చూస్తేనే గురక, బీపీ, బీఎంఐ కలిపి మీకు 3 వచ్చాయి. 3, 4 మార్కులంటే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో మాటిమాటికీ శ్వాస ఆగే జబ్బు ఉండే అవకాశం మధ్యస్థం. 5 నుంచి ఎక్కువ. నిద్రలో మీకు ఊపిరి ఆగుతోందేమో ఇంట్లోవారిని అడగండి, పగలు కూర్చున్నచోటే కునుకు పడుతోందేమో చూసుకోండి. ఈ రెండూ ఉంటే ముందు నిద్ర పరీక్ష చేయించుకుని, ఆ తరువాత ఎండోస్కోపీకి వెళ్లడం మంచిది. సర్జరీ ఎలాగూ పూర్తి మత్తులోనే జరుగుతుంది కాబట్టి ఆ నిద్ర పరీక్ష వృథా పోదు. ఎండోస్కోపీకి మత్తు ఇచ్చేటప్పుడు మత్తు వైద్యులు పక్కనే ఉండాలని, ఆక్సిజన్ స్థాయితో పాటు మీరు వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా చూపే పరికరం పెట్టాలని ముందే కోరండి. ఆక్సిజన్ పడిపోవడానికి ముందే శ్వాస మందగించిన సంగతిని అది పట్టిస్తుంది. నిద్రలో శ్వాస ఆగకుండా గాలిని పంపే సీపాప్ యంత్రం ఇంట్లో వాడుతుంటే వెంట తీసుకువెళ్లండి. పరీక్షలో అన్నవాహికకు రంధ్రం పడటం వంటి ప్రమాదాలు వేలల్లో ఒకరికి జరిగే అరుదైనవి. మత్తుకు సంబంధించిన ఇబ్బందులే వాటికన్నా ఎక్కువగా ఎదురవుతాయి.

మందుల విషయంలో కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. ఆ ఎసిడిటీ మాత్ర ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటిదైతే, పరీక్షకు కనీసం 2 వారాల ముందు నుంచి మానేయవచ్చా అని మీ వైద్యులను అడగండి. అది వాడుతుండగా చేస్తే అన్నవాహికలోని పుండ్లు మానిపోయి కనిపించకపోవచ్చు, హెలికోబాక్టర్ ఉన్నా లేదని రావచ్చు. షుగర్‌కు సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ వంటి వారానికొక ఇంజెక్షన్ తీసుకుంటుంటే జీర్ణాశయం ఆలస్యంగా ఖాళీ అవుతుంది. మామూలు ఉపవాసం పాటించినా లోపల ఆహారం మిగిలి మత్తులో ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంటుంది. ఈ మందుల గురించి 2024లో మత్తు వైద్యుల, జీర్ణకోశ వైద్యుల, సర్జన్ల సంఘాలు కలిసి ఇచ్చిన సూచనల ప్రకారం ఎక్కువమంది ఇంజెక్షన్ ఆపనవసరం లేదు గానీ, వాంతులు, కడుపుబ్బరం వంటివి ఉన్నవారు, మోతాదు పెంచే దశలో ఉన్నవారు ముందురోజంతా ద్రవాహారమే తీసుకోవాలి. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడుతుంటే సర్జరీకి కనీసం 3 రోజుల ముందు ఆపాలి. ఎండోస్కోపీ కోసం ఉండే ఉపవాసానికి ఏం చేయాలో విడిగా అడిగి తెలుసుకోండి. మిగిలిన షుగర్ మందులను పరగడుపున వేసుకోకూడదన్నంత వరకు మీకు తెలిసిందే. బీపీ మాత్రను మాత్రం చాలామందికి ఒక గుక్క నీళ్లతో వేసుకోమంటారు.

రిపోర్టు చేతికి వచ్చాక చివరి పంక్తి ఒక్కటే చూసి పక్కన పెట్టకండి. అన్నవాహిక దగ్గర ‘ఎల్‌ఏ గ్రేడ్’ అని ఉంటే ఆమ్లం వల్ల పుండ్లు ఉన్నాయని అర్థం. ‘ఎ’ అంటే 5 మిల్లీమీటర్లకు మించని చిన్న గీతలు, వాటి మీద సర్జన్ నిర్ణయం సాధారణంగా మారదు. ‘బి’ అయితే స్లీవ్ గురించి మళ్లీ ఒకసారి చర్చించాలి. ‘సి’, ‘డి’ అయితే స్లీవ్‌కు ఒప్పుకునే ముందు నేనైతే మరో సర్జన్ అభిప్రాయం కూడా తీసుకోమంటాను. ‘ప్రేగ్ సి0 ఎం2’ వంటి రాత ఉంటే బారెట్స్ అనుమానం ఉందని, మారిన లోపొర నాలుకల్లా పైకి పాకిన చోట్లలో అతి పొడవైనది 2 సెంటీమీటర్లు ఉందని అర్థం. బయాప్సీ తీశారో లేదో వెంటనే అడగండి. ‘హిల్ గ్రేడ్’ అని 1 నుంచి 4 వరకు అంకె ఉంటే అది జీర్ణాశయపు పైకవాటం ఎంత వదులైందో చెబుతుంది. ఎండోస్కోప్‌ను జీర్ణాశయంలోకి పోనిచ్చి, వెనక్కి వంచి, కింది నుంచి పైకి చూస్తేనే ఇది తెలుస్తుంది, కాబట్టి అలా వంచి తీసిన ఫొటో రిపోర్టులో ఉందేమో చూడండి. బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీ కోసమే ఈ పరీక్ష అని ఎండోస్కోపీ చేసే వైద్యులకు ముందే చెబితే ఈ వివరాలన్నీ రాసి ఇస్తారు. ఊరికే ‘కడుపు చూడాలి’ అని పంపితే ‘స్వల్ప గ్యాస్ట్రైటిస్’ అని ఒక ముక్క రాసి ఊరుకునే అవకాశం ఎక్కువ.

ఒకటి గుర్తుంచుకోండి, ఇదే ఆఖరి ఎండోస్కోపీ కాదు. స్లీవ్ అయిన ఏడాది తరువాత ఒకసారి, అక్కడి నుంచి 2, 3 ఏళ్లకొకసారి, బాధ ఉన్నా లేకపోయినా ఎండోస్కోపీ చేయించుకోవాలని ఇఫ్సో అదే 2020 ప్రకటనలో సూచించింది. అప్పుడు ఏదైనా మార్పు కనిపిస్తే అది కొత్తగా వచ్చిందా, ముందే ఉందా అని తేల్చడానికి ఇప్పటి రిపోర్టు, ఫొటోలే ఆధారం. ఆ లెక్కన మీ అక్కగారు కూడా ఇప్పుడు ఒకసారి చేయించుకోవడం మంచిది. బాగానే ఉన్నారన్నది మంచి మాటే గానీ, స్లీవ్ తరువాతి బారెట్స్ కూడా ఏ బాధా లేకుండానే ఉండవచ్చు.

మీ సర్జన్ గారిని రెండు ప్రశ్నలు అడగండి. ఎండోస్కోపీలో ఏం కనిపిస్తే మీరు స్లీవ్ వద్దంటారు, వద్దంటే దాని బదులు ఏం చేస్తారు? ఈ రెండింటికీ జవాబు దొరికాక పరీక్షకు వెళ్లండి. సర్జరీ తేదీని మాత్రం బయాప్సీ రిపోర్టు చేతికొచ్చాకే ఖాయం చేసుకోండి. దానికి కొద్ది రోజులు పడుతుంది.